టెస్ట్ అంటే పరీక్ష కాదు, గుల్ల

సందేహం: సముద్రంలో తేలియాడే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. వాటి పైకవచాన్ని అందులో 'టెస్ట్' అన్నారు. దాన్ని చిప్ప అనాలా, పెంకు అనాలా, గుల్ల అనాలా? కుడికి, ఎడమకు చుట్టు తిరిగినవాటిని దక్షిణావర్తం, వామావర్తం అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: అడిగి మంచి పని చేశారమ్మా. 'ఫొరామినిఫెరా పరీక్షలు సముద్రం అడుగున పేరుకుంటాయి' అని రాసిన ఒక అనువాదాన్ని దిద్దిన అనుభవం నాకుంది.

లాటిన్‌లో టెస్టా అంటే కాల్చిన మట్టి పెంకు. జీవుల పైకవచానికీ ఆ మాటే వచ్చింది. మన పెంకుదీ అదే నడక: ఇంటి కప్పు మీదా పెంకే, కోడిగుడ్డు మీదా పెంకే. కాబట్టి పెంకు అన్నా తప్పు లేదు. అయినా నా ఓటు గుల్లకే. చిప్ప అనగానే కొబ్బరిచిప్పో ఆల్చిప్పో, నోరు తెరిచిన సగం ముక్క కళ్ళముందుకొస్తుంది. గుల్ల అంటే లోపల ఖాళీగా ఉన్నది. ఒళ్ళు గుల్ల చేసుకున్నాడంటాం కదా! ఒకే కణం ఉన్న ఈ జీవి పెరిగేకొద్దీ ఒక్కో అర కట్టుకుంటూ పోతుంది. అది చచ్చాక మిగిలేది ఖాళీ అరలే. పైగా గుల్లసున్నం అనే మాట మనకుండనే ఉంది. వీటి గుల్లలూ కాల్షియం కార్బొనేటే. (మన ఊళ్ళో కొన్ని తెలుగిళ్ళలో గుల్లను తమిళంలో లాగే 'కిళింజల్' అనేస్తారు. ఇంట్లో సరే, వ్యాసంలో వద్దు.)

ఈ అరలు చూసే 1826లో వీటికి పేరుపెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త దోర్బిన్యీ ఇవి ఆక్టోపస్ వర్గానివని పొరబడ్డాడు. అయితే జాతిని పోల్చడానికి నేటికీ గుల్లే ఆధారం. సముద్రం అడుగు బురదను సన్న జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరి, అరలెన్ని, గోడ మీద రంధ్రాలెలా ఉన్నాయి, మూతి ఎక్కడుంది అని చూస్తారు. మూతి అనే రాయండి, కుండకున్నట్టు. నోరంటే తిండి తినేదనుకుంటారు.

ఇక చుట్టు సంగతి. ఇక్కడ జాగ్రత్త. మనం పూజలో పెట్టే దక్షిణావర్త శంఖం, తమిళుల వలంపురి, జంతుశాస్త్రం లెక్కలో ఎడమచుట్టుది! వాళ్ళు మొన పైకి పెట్టి చూస్తారు, మనం తిరగేసి పట్టుకుంటాం. అందుకే సంస్కృతం వదిలేసి కుడిచుట్టు, ఎడమచుట్టు అనండి. ఇది పట్టింపు కోసం చెప్పడం లేదు. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా అనే జాతిలో ఎడమచుట్టు గుల్లలు ఎక్కువగా దొరికితే అక్కడి నీళ్ళు ధ్రువాల దగ్గరున్నంత చల్లగా ఉండేవని అర్థం. కుడిచుట్టువి అంత చలిలేని నీళ్ళవి. ఈ రెండూ ఒకే జాతి అనుకునేవారు. జన్యువులు చూశాక కుడిచుట్టుదాన్ని విడదీసి ఇన్‌కాంప్టా అన్నారు. మీ మూలవ్యాసం పాతదైతే ఆ పేరొకటి సరిచూసుకోండి.