వేపనూనె కొట్టినా తెల్లదోమ పోకపోతే

వంగకు మిట్టమధ్యాహ్నం వేపనూనె కొడితే ఆకులు మాడాయి, తెల్లదోమ మాత్రం అలాగే ఉందన్నారు. మాడింది ఎండలో కొట్టడం వల్లేనండి. సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. మొక్క వాడి ఉంటే ముందు నీళ్లు పెట్టి, మర్నాడు కొట్టండి.

లీటరు నీటికి వేపనూనె 5 మి.లీ. చాలు. నూనెలో 1–2 మి.లీ. ద్రవ సబ్బు వేసి, కొద్ది నీళ్లతో పాలలా తెల్లబడేదాకా గిలకొట్టాకే మిగతా నీళ్లు కలపండి. నూనె పైకి తేలిందా, ఆ మందు దండగే.

ఆకు తిప్పి చూడండి: ఈనెల పక్కన పొలుసుల్లా కదలకుండా అంటుకున్నవే పిల్లపురుగులు. పైపైన కొడితే వాటికి తగలదు, అడుగు తడవాలి. గుడ్లు చాలావరకు బతికిపోతాయి కాబట్టి 5–7 రోజులకోసారి మూడుసార్లయినా కొట్టాలి. పసుపు జిగురు అట్టలకు ఎగిరే దోమలే చిక్కుతాయి, వాటినే నమ్ముకోకండి.