ట్రాన్స్‌పాండర్ మార్చే ముందు తీగలనూ యాంటెనానూ చూడండి

మీ సెస్నా 172 ఎత్తు 300 అడుగుల తేడాతో కనబడుతోందని కంట్రోలర్ అనడం, మలుపు తిరిగినప్పుడల్లా రాడార్ తెర మీద విమానం మాయమవడం, ఈ రెండింటికీ మందుగా ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగినప్పుడు విమానం గుర్తింపునూ ఎత్తునూ జవాబుగా పంపే పరికరం) మార్చుకోమని వర్క్‌షాపు వారు చెప్పడం మీ ప్రశ్నలో చదివాను. టెక్సస్‌లో మేం నలుగురం కలిసి నడుపుకునే పాత విమానంలోనూ ఇవే లక్షణాలు కనిపించాయి. నా అభిప్రాయంలో ఇవి రెండు వేర్వేరు లోపాలు. ట్రాన్స్‌పాండర్‌ను అనుమానించవలసింది చిట్టచివర.

ముందు ఎత్తు సంగతి. మీకు ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో మీరు ఏ పీడనం పెట్టుకున్నా, ట్రాన్స్‌పాండర్‌కు ఎత్తును అందించే ఎన్‌కోడర్ ఎప్పుడూ 29.92 అంగుళాల (పాదరసపు కొలతలో ప్రామాణిక పీడనం) ప్రాతిపదికనే ఎత్తును పంపుతుంది. స్థానిక పీడనానికి తగిన సవరణ కంట్రోలర్ వైపు కంప్యూటర్ చేసుకుంటుంది. కనుక మీరు పెట్టుకున్న పీడనం 0.30 అంగుళం తప్పయితే, పరికరాలన్నీ బాగున్నా, దాదాపు 300 అడుగుల తేడా వస్తుంది. అది కాదని తేలాక, తేడా అన్ని ఎత్తుల్లోనూ వస్తోందా, కొన్నిటిలోనేనా అన్నది రాసి పెట్టుకోండి. నిర్ధారణకు ఇంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. అన్నిటా ఒకేలా ఉంటే ఎన్‌కోడర్ సర్దుబాటు తప్పి ఉండవచ్చు. కొన్ని ఎత్తుల్లోనే వస్తుంటే తీగలను చూడాలి. పాతరకం ఎన్‌కోడర్లు గ్రే కోడ్‌లో (ఒక మెట్టు మారితే ఒక్క బిట్టే మారే సంకేతం) బిట్టుకొక తీగ చొప్పున ఎత్తును పంపుతాయి. ఈ తీగలను ఏ, బీ, సీ వంటి వరసలుగా పిలుస్తారు. సీ వరస తీగ తెగితే 100 అడుగుల తేడా రావడమో, ఎత్తే కనిపించకపోవడమో జరుగుతుంది. ఏ, బీ వరసల్లో తెగితే తేడా వందల నుంచి వేల అడుగుల దాకా పోవచ్చు. అదీ ఆ తీగకు పని ఉన్న ఎత్తుల్లోనే. మా విమానంలో ఎన్‌కోడర్ కనెక్టర్‌లోని ఒక పిన్ను వెనక్కి జారి, తగిలీ తగలనట్లు నిలిచి ఉంది.

మలుపుల్లో మాయమవడం యాంటెనా వైపు సమస్య. విమానం ఒరిగినప్పుడు పొట్ట కింది యాంటెనాకు రాడార్ కాసేపు మరుగవడం సహజమే కానీ, ప్రతి మలుపులోనూ అలా జరుగుతుంటే సంకేతం బలహీనపడిందని అర్థం. మా యాంటెనా మీద ఇంజిన్‌లోని ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి కారిన నూనె, దుమ్ముతో కలిసి నల్లగా పేరుకుపోయింది. దాని వెనక కేబుల్‌ను కలిపే బీఎన్‌సీ కనెక్టర్ విప్పితే, కోయాక్స్ (యాంటెనా కేబుల్) లోపలి తీగల అల్లిక ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ పాత ఆర్‌జీ-58 కేబుల్ తీసేసి ఆర్‌జీ-400 వేయించాం.

ఒకసారి నియంత్రిత గగనతలంలో ఎగిరి వచ్చి, ఆ ఎగురుడుకు సంబంధించిన ఏడీఎస్-బీ (విమానం తన స్థానాన్నీ ఎత్తునూ తానే ప్రసారం చేసే వ్యవస్థ) పనితీరు నివేదికను అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వెబ్‌సైటులో కోరండి. ఉచితంగా మెయిల్‌కు వస్తుంది. అందులో ఎత్తు లోపించిందని ఉంటే అనుమానం మళ్ళీ ఎన్‌కోడర్ మీదకే వెళుతుంది. స్థానం ఎంత కచ్చితమో, ఎంత నమ్మదగినదో చెప్పే ఎన్‌ఏసీపీ, ఎన్‌ఐసీ అంకెలు ఎర్రగా ఉంటే జీపీఎస్ వైపు చూడండి. రేడియోలో 121.150 మీద మాట్లాడినప్పుడే అలా అవుతుంటే ఆశ్చర్యపోకండి; దాని 13వ హార్మోనిక్ (13 రెట్ల ఫ్రీక్వెన్సీ) 1574.95 మెగాహెర్ట్జ్, అంటే జీపీఎస్ వాడే 1575.42కు ఆనుకునే పడుతుంది.

అయితే ట్రాన్స్‌పాండర్‌ను మీరే ట్రేలోంచి లాగి చూడకండి. యజమాని అయిన పైలట్ స్వయంగా చేసుకోదగిన పనుల జాబితాలో ప్యానెల్ రేడియోలు తీసి పెట్టడం ఉంది కానీ, ట్రాన్స్‌పాండర్లను అందులోంచి ప్రత్యేకంగా మినహాయించారు. తీగలు సరిచేసిన తరువాత ఆల్టిమీటర్‌కూ ఎన్‌కోడర్‌కూ తేడా 125 అడుగులు మించలేదని అధీకృత మరమ్మతు కేంద్రం పరీక్షించి లాగ్‌బుక్‌లో రాయాలి. 24 నెలలకొకసారి జరిగే ట్రాన్స్‌పాండర్ పరీక్షకు ఇది అదనం. అక్కడికి వెళ్ళినప్పుడు, ప్రసార శక్తిని యాంటెనా దగ్గర ఒకసారి, కేబుల్ విప్పి నేరుగా ట్రాన్స్‌పాండర్ దగ్గర మరోసారి కొలవమని అడగండి. రెండోచోట సరిగా ఉండి మొదటిచోట తగ్గితే, మార్చవలసింది కేబులో యాంటెనాయో.