క్రిస్మస్ ఖర్చుకు యాప్ అప్పు తీసుకోమంటారా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): సార్, వందనాలు. మాది గుంటూరు. మావారు (41) కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్, జీతం 34,000. నేను (36) ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, 16,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు. మా అత్తయ్య (67, బీపీ, షుగర్) మాతోనే ఉంటారు. అద్దె ఇల్లు. పోయిన క్రిస్మస్‌కు 58,000 ఖర్చయింది. అందులో 45,000 క్రెడిట్ కార్డు మీద వాడాం. పది నెలలుగా నెలకు 3,000 కడుతున్నా ఇంకా 31,000 బాకీ చూపిస్తోంది. అన్నీ పోగా నెలకు 3,000 మిగులుతుంది. డిసెంబరు మొదట్లో మావారికి బోనస్ 10,000 వస్తుంది. బ్యాంకులో 12,000, ఐదు కాసుల బంగారం, లక్ష రూపాయల చీటీ (20 నెలలది, నవంబరుతో 11వ నెల), రెండు ఎల్‌ఐసీ పాలసీలు ఉన్నాయి. ఈసారి పొదుపుగా ఉందామని ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు అన్నీ ఇంట్లోనే చేద్దామనుకున్నాం. అందుకోసం 11,000 ఓవెన్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవాలని ఉంది. బట్టలకు, ఇంటి రంగులకు మరో 40,000 కావాలి. యాప్‌లో పది నిమిషాల్లో ఇస్తామంటున్నారు. యాప్ లోన్ మంచిదా, బంగారం తాకట్టు పెట్టాలా, చీటీ పాడుకోవాలా?

జవాబు: అమ్మా, మూడూ వద్దు. ఓవెన్ కూడా వద్దు. పండగ మాత్రం చేసుకోండి. ఎలాగో చెబుతాను.

ఏటా ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో ఊళ్లూ పేర్లూ మారతాయి, లెక్క మాత్రం ఇదే ఉంటుంది. మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం ఉంది. మీరు నిజంగానే ఖర్చు తగ్గించుకుందామని కూర్చున్నారు, పిండివంటల జాబితా కూడా రాసుకున్నారు. అయినా లేచేసరికి 51,000 కొత్త అప్పుకు సిద్ధమయ్యారు. ఇంట్లో కేకు చేస్తున్నాం కాబట్టి పొదుపు చేస్తున్నట్టే అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

ఉగాది ఎప్పుడో తెలియాలంటే పంచాంగం చూడాలి, రంజాన్‌కు నెలవంక కనబడాలి. క్రిస్మస్‌కు ఆ ఇబ్బంది కూడా లేదు, ఏ ఏడాదైనా డిసెంబరు 25నే. ఏడాది ముందే తెలిసిన ఖర్చుకు పది నిమిషాల్లో వచ్చే అప్పెందుకు? అదే మీ అత్తగారికి ఓ రాత్రి షుగర్ పడిపోయి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే, ఆ తేదీ ఎవరికీ ముందు తెలియదు. ఆ రాత్రికి మీ దగ్గరున్నది 12,000. ఆరోగ్య బీమా ఉన్నట్టు మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ మాటే రాలేదంటే నాకు కేకు కన్నా దాని గురించే టెన్షన్‌గా ఉంది.

పోయిన పండగ అసలు ఎంతకు పడిందో చూడండి. పది నెలల్లో మీరు కట్టింది 30,000. బాకీ తగ్గింది 14,000. మిగతా 16,000 వడ్డీకి, దాని మీద జీఎస్టీకి పోయింది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే, ఈ రోజున్న 31,000 మీద నెలకు 1,085 వడ్డీ, దాని మీద 195 జీఎస్టీ. అంటే మీరు కట్టే 3,000లో 1,280 అసలును తాకనే తాకదు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కార్డులో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఈ నెల మీరు ఆ కార్డుతో కిలో మైదా కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ. కాబట్టి ఆ కార్డును బీరువాలో పెట్టేయండి.

ఇక 58,000 ఎక్కడికి పోయింది? మీరు పంపిన చిట్టా ప్రకారం బట్టలు 22,000, ఇంటి రంగులు 14,000, బేకరీ కేకులు, స్వీటు షాపు పిండివంటలు 7,500, పండగ రోజు విందు 6,500, స్టారు, లైట్లు, పశువుల పాక బొమ్మలు 3,000, కానుకలు, క్యారల్స్ వాళ్లకు ఇచ్చింది 3,000, చిల్లర ఖర్చులు 2,000. వంటింట్లో మీరెంత కష్టపడ్డా తగ్గించగలిగింది ఆ 7,500లోనే. అసలు డబ్బు పోయింది బట్టలకూ రంగులకూ.

అద్దె ఇంటికి రంగులు మీరెందుకు వేయిస్తున్నారమ్మా? గోడ యజమానిది, అప్పు మీది. మరీ మాసిపోతే ముందు గది గోడ ఒక్కటి కడిగించండి, లేదా అద్దెలో తగ్గించుకునేట్టు యజమానితో మాట్లాడండి. రెండూ కుదరకపోతే వదిలేయండి. బట్టల్లో మీ చీర ఒక్కటే 6,000 అని, చర్చి క్వయర్‌లో (పాటల బృందంలో) అందరూ ఒకే రంగు కట్టుకోవాలన్నారని రాశారు. ఈసారి ఆ మాట మీటింగులో ముందే ఎత్తండి. అక్కడున్నవాళ్లలో సగంమంది మీలాగే కార్డు గీకి కొనుంటారు, ఎవరూ నోరు విప్పరంతే. పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు ఒకటి, 25కు ఒకటి, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ప్రార్థనకు ఇంకొకటి అని పిల్లలకు మూడు జతలు అక్కర్లేదు.

ఓవెన్ దగ్గరికొద్దాం. నో కాస్ట్ అన్న మాటను నమ్మకండి. వడ్డీని డిస్కౌంటు రూపంలో తిరిగి ఇచ్చినా ఆ వడ్డీ మీద జీఎస్టీ మీరే కట్టాలి, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది, రొక్కానికి కొంటే దొరికే తగ్గింపు పోతుంది. ఏడాదికి రెండు కేకుల కోసం 11,000 వస్తువు కొని దాన్ని పొదుపు అనకండి. మా ఇంట్లో కేకు కుక్కర్‌లోనే అవుతుంది. ఐదు లీటర్ల కుక్కర్ అడుగున రెండు గ్లాసుల రాళ్లుప్పు పరిచి, పైన చిన్న స్టాండు పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయాలి. పావుకిలో మైదా, 200 గ్రాముల వెన్న, 200 గ్రాముల పంచదార, నాలుగు గుడ్లు, ఒక చెంచా బేకింగ్ పౌడర్, కాస్త దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి. కిస్మిస్, టూటీఫ్రూటీ, జీడిపప్పు అన్నీ కలిపి ఓ పావుకిలో ముందు రాత్రే కమలాపండు రసంలో నానబెట్టుకోవాలి. ఆ నల్లటి రంగు బేకరీవాళ్ల రహస్యమేం కాదు. నాలుగు చెంచాల పంచదారను నీళ్లు లేకుండా ముదురు ఎరుపు వచ్చేదాకా కరిగించి, మొహం దూరంగా పెట్టుకుని పావుగ్లాసు వేడినీళ్లు పోస్తే వచ్చే పాకమే అది. చల్లారాక పిండిలో కలపాలి. నానిన పండ్లను వార్చి, పొడి మైదాలో ఓసారి దొర్లించి వేస్తే అడుక్కి దిగవు. పిండిని గిన్నెలో పోసి కుక్కర్‌లో స్టాండు మీద పెడితే సన్నమంట మీద గంటలోపు అవుతుంది, పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. గ్యాసుతో కలిపి నా లెక్కకు 350 దాటదు, కిలో దాకా తూగుతుంది.

గులాబీ పువ్వులకు రెండు కప్పుల మైదా, అరకప్పు బియ్యప్పిండి, ముప్పావు కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, పలచన కావడానికి సరిపడా కొబ్బరిపాలు. అచ్చు నూనెలో బాగా కాగకపోతే పువ్వు ఊడిరాదు, అచ్చు పైఅంచు పిండిలో మునిగినా ఊడిరాదు. అచ్చు కొనకండి, మీ సందులో ఎవరో ఒకరింట్లో ఉంటుంది. కజ్జికాయలు, అరిసెల సంగతి మీ అత్తగారికి నేను చెప్పేదేముంది. వాళ్ల రోజుల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక ఇంట్లో చేరి, ఒకే పొయ్యి మీద అందరి పిండివంటలూ చేసేవాళ్లని ఆమె చెప్పారన్నారు కదా, అదే పని ఈసారి చేయండి. నూనె ఒకేసారి కాగుతుంది, వంటనూనె, బెల్లం పెద్ద మొత్తంలో కొంటే ధర తగ్గుతుంది, పిల్లలకు వెదురు బద్దలతో, రంగు కాగితంతో స్టారు కట్టే పని అప్పగించొచ్చు. ఇరుగుపొరుగుకు పంచే పళ్లాల్లోకి ఇవే సరిపోతాయి. మీ చేతి వంట బాగుందని రెండు మూడు ఇళ్లవాళ్లు డబ్బిచ్చి చేయించుకుంటే మంచిదే, కానీ దాన్ని ఆదాయంగా లెక్కేసుకుని ముందే ఖర్చు పెట్టకండి.

ఈ ఏడాది పండగకు మీ దగ్గరున్నది 16,000. బోనస్ 10,000, నవంబరు, డిసెంబరు నెలల్లో మిగిలే 6,000. బట్టలకు 6,500, అందులో ముందు పిల్లలకు, అత్తగారికి. కేకులు, పిండివంటలకు 3,000. విందుకు 3,500, అంటే చుట్టాలందరినీ కాకుండా దగ్గరివాళ్లను పిలిచి ఇంట్లోనే కోడికూర, పలావు. కానుకలు, క్యారల్స్‌కు 3,000 అలాగే ఉంచాను, అందులో వేలు పెట్టను. స్టారు, లైట్లు పోయినేడాదివే అటక మీద ఉంటాయి, దించండి. పైన చెప్పిన కార్డు వడ్డీ 16,000 గుర్తుందా? ఈ క్రిస్మస్ మొత్తం ఆ డబ్బుతోనే అయిపోయేది.

యాప్ అప్పు గురించి ఎక్కువ రాయడానికి నాకు ఓపిక లేదు. 40,000 అని రాసుకుంటారు, ఫీజులు కోసుకుని తక్కువ చేతికిస్తారు, వడ్డీ మాత్రం పూర్తి మొత్తం మీద. అప్పు ఇచ్చే ముందు ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో చెప్పే వివరపత్రం ఇవ్వాలని, ఫోన్‌లోని నంబర్ల జాబితాను యాప్ ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ అనుమతి అడిగిన మరుక్షణం ఆ యాప్ తీసేయండి. పిల్లల గౌన్ల కోసం మీ స్కూలు ప్రిన్సిపాల్‌కు వసూలు ఫోన్లు వెళ్లే స్థితి తెచ్చుకోవద్దు.

చీటీ పాడకండి. ఇప్పుడు పాడితే తగ్గించి తీసుకోవాలి, నష్టం మీదే. రిజిస్టరైన చీటీయేనా కాదా అన్నది మాత్రం వెంటనే చూసుకోండి.

బంగారం విషయంలో ఒక్క మినహాయింపు. బట్టలకు తాకట్టు వద్దు. కార్డు బాకీ తీర్చడానికి మాత్రం ఐదారు గ్రాముల ఉంగరం ఒక్కటి బ్యాంకులో పెట్టండి, ఇప్పటి ధరకు 31,000 వస్తుంది. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 260 లోపు, కార్డుకు ఇప్పుడు కడుతున్నది 1,280. కార్డుకు కట్టే 3,000 నెలనెలా ఇక్కడ కడితే వచ్చే క్రిస్మస్‌కు ముందే ఉంగరం ఇంటికొస్తుంది. మిగతా బంగారం ముట్టుకోకండి. మీ ఇంట్లో ఈ రోజు అత్యవసర నిధి అంటూ ఉంటే అదొక్కటే. దాన్ని చీరలకు తాకట్టు పెట్టాక ఆస్పత్రి బిల్లు వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు?

జనవరి నుంచి మిగిలే 3,000లో సగం బీమాకు, సగం అత్యవసర నిధికి. ముందు మీ జీతం రసీదులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉందేమో చూడండి. 21,000 లోపు జీతం కాబట్టి మీ స్కూలు ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే మీవారికి, పిల్లలకు కూడా వైద్యం దొరుకుతుంది. కోత ఉన్నా లేకపోయినా మీ నలుగురికీ 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ తీసుకోండి. నెలవారీ ప్రీమియం కట్టే వీలు చాలా కంపెనీల్లో ఉంది, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అత్తగారిని ఆ ఫ్లోటర్‌లో కలపకండి. ఇంట్లో పెద్ద వయసును బట్టి ప్రీమియం వేస్తారు, మొత్తం భారమైపోతుంది. ఆమెకు వేరే పాలసీ. షుగర్, బీపీ ఉన్నట్టు దరఖాస్తులో తప్పకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్లకు మించి ఆగాల్సిన పనిలేదని 2024లో నిబంధన మారింది. ఎంత త్వరగా తీసుకుంటే ఆ గడువు అంత త్వరగా గడుస్తుంది. అప్పటిదాకా ఆమె ఖర్చుకు మీ నిధే దిక్కు.

ఆ నిధి లెక్క కూడా చూద్దాం. ఇప్పుడున్న 12,000. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. ఆగస్టులో చీటీ చివరి నెల వరకు ఆగితే 5 శాతం కమిషన్ పోగా 95,000. సెప్టెంబరు నుంచి చీటీ కట్టక్కర్లేదు కాబట్టి 5,000 ఖాళీ అవుతుంది. అందులో 2,000 నిధికి, 3,000 పండగకు. డిసెంబరుకు నిధిలో 1,33,000 ఉంటుంది, మీ ఇంటికి దాదాపు మూడు నెలల ఖర్చు. పండగ ఖాతాలో 12,000, బోనస్ కలిపితే 22,000. చీటీ డబ్బు చేతికి రాగానే స్కూటర్ గురించో ఫ్రిజ్ గురించో ఇంట్లో మాటలు మొదలవుతాయి. వచ్చిన రోజే వేరే బ్యాంకులో డిపాజిట్ చేయండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి.

మీవారి పేరున టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా ఉండాలి, అది వచ్చే ఉత్తరంలో మాట్లాడుకుందాం. ఎల్‌ఐసీ పాలసీలు ఎప్పుడు మొదలయ్యాయి, ప్రీమియం ఎంత, ఏ ఏడాది ముగుస్తాయి అన్నది రాసి పంపండి. అవి చూడకుండా సరెండర్ చేయమనీ (మధ్యలోనే వదులుకుని డబ్బు తీసుకోమనీ) కొనసాగించమనీ చెప్పలేను.