మొహం ముందు, మృగం తరవాత: ఒక యువ రచయిత్రికి లేఖ

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయ్,

జురాసిక్ పార్క్ సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నిదానంగా కూర్చుని చదివాను. కష్టపడ్డావని ప్రతి పేజీలో తెలుస్తోంది. మొదటి పేజీలోనే ఏడు సినిమాల వసూళ్ళు పట్టిక వేసేశావు. 1993లో వచ్చిన మొదటిది తొంభై కోట్ల డాలర్లు దాటిందని, 2015లో వచ్చిన జురాసిక్ వరల్డ్ 167 కోట్ల డాలర్లు తెచ్చిందని, ఇలా 2025 దాకా. అంకెల్లో తప్పేమీ లేదు. కానీ ఆ పట్టిక చదివాక నాకొక అనుమానం వచ్చింది. ఈ పిల్ల సినిమా చూసిందా, సినిమా గురించి చదివిందా?

వసూళ్ళతో మొదలుపెట్టడం మా బెజవాడ జబ్బు. గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న ఊరు కదా, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడు కూడా ఏ సినిమా ఏ సెంటర్లో ఎన్నాళ్ళాడిందో, షేర్ ఎంతొచ్చిందో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఎందుకాడిందని అడిగి చూడు. ‘జనానికి నచ్చింది’ అంటాడు, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతాడు. వాడు వదిలేసిన చోట నువ్వు మొదలుపెట్టాలి.

మొదటి సినిమాలో పెద్ద డైనోసార్ కనిపించే ఘట్టం మళ్ళీ చూడు. చెవులు మూసుకుని, కళ్ళతో మాత్రమే చూడు. జీపు ఆగుతుంది. గ్రాంట్ అనే శాస్త్రవేత్త ఎటో చూసి లేచి నిలబడతాడు, టోపీ తీస్తాడు, నల్లకళ్ళద్దాలు తీస్తాడు. పక్కన సాటి శాస్త్రవేత్త ఎల్లీ ఏదో ఆకు పట్టుకుని, ఈ జాతి ఎప్పుడో అంతరించింది కదా అని తన ధోరణిలో తను మాట్లాడుతుంటుంది. అతను చెయ్యి చాపి ఆమె తల పట్టుకుని అటు తిప్పుతాడు. ఆమె నోరు తెరుచుకుంటుంది. అప్పటికీ మనకు జంతువు కనపడలేదు. రెండు మొహాలు చూశాం, అంతే. ఆ మొహాలు చూశాక తెరమీద ఏమొచ్చినా నమ్మడానికి మనం సిద్ధం. ఆ తరవాతే దర్శకుడు స్పీల్‌బర్గ్ ఆ పెద్ద డైనోసార్‌ని, బ్రాకియోసారస్‌ని చూపించాడు.

మొహం ముందు, మృగం తరవాత. ఈ సినిమా ఎందుకు నిలిచిందని నన్నెవరైనా అడిగితే ముందు ఈ ఘట్టమే చెబుతాను. నీ పన్నెండు పేజీల్లో దీని ఊసే లేదు!

సినిమా నిడివి 127 నిమిషాలు. అందులో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలే. కంప్యూటర్‌లో పుట్టించిన బొమ్మలున్నది అందులోనూ ఆరు నిమిషాలకు మించదు. మిగతాదంతా ఆకులు కదలడం, కంచె తీగలు తెగడం, పిల్లల ఊపిరి. టైరనోసారస్ రెక్స్ బయటికొచ్చేసరికి గంట గడిచిపోతుంది. అది వస్తోందని మనకు మొదట చెప్పింది గ్లాసులో నీళ్ళు. నీటిమీద లేచిన ఆ గుండ్రటి అలల కోసం యూనిట్ వాళ్ళు కారు డాష్‌బోర్డు కింద గిటార్ తీగ బిగించి మీటారు. ఇంకో సంగతి: రెక్స్ కారు మీద పడ్డ ఆ ఘట్టంలో నేపథ్య సంగీతం లేదు. జాన్ విలియమ్స్ లాంటి సంగీత దర్శకుణ్ణి పెట్టుకుని, సినిమాకు గుండెకాయ లాంటి చోట నోరు మెదపొద్దన్నారు. వాన, అడుగులు, అరుపు, అంతే. నీ వ్యాసంలో ‘అద్భుతమైన నేపథ్య సంగీతం’ అని ఆ ఘట్టానికే రాశావు. కొట్టెయ్.

ఆ అరుపు సంగతి కూడా రాయి. గ్యారీ రైడ్‌స్ట్రమ్ అనే శబ్ద కళాకారుడు గున్న ఏనుగు ఘీంకారాన్ని నెమ్మదింపజేసి, దానికి పులి గర్జననీ మొసలి గుర్రునీ కలిపాడు. గుంపుగా వేటాడే రాప్టర్ డైనోసార్లు ఒకదాన్నొకటి పిలుచుకునే కూతకు తాబేళ్ళ గొంతు వాడాడు. ఆ తాబేళ్ళు ఆ సమయంలో ఏం చేస్తున్నాయో పెద్దవాణ్ణి, నేను రాయను. వెతుక్కుంటే దొరుకుతుంది.

కంప్యూటర్ గ్రాఫిక్స్ గురించి మూడు పేజీలు రాశావు, సాఫ్ట్‌వేర్ పేర్లతో సహా. అదంతా చదువుతుంటే మనిషి వాసన తగల్లేదు. అందులోనే ఒక మనిషి కథ ఉంది. ఫిల్ టిపెట్ అనే ఆయన బొమ్మల్ని కొద్దికొద్దిగా కదిలిస్తూ ఒక్కో ఫ్రేమూ తీసే విద్యలో ఆరితేరినవాడు. ఈ సినిమాలో డైనోసార్లను నడిపించాల్సింది ఆయనే. ఈలోగా కంప్యూటర్ కుర్రాళ్ళు తయారుచేసిన నమూనా చూసి, ‘నేను అంతరించిపోయినట్టే’ అన్నాడట. స్పీల్‌బర్గ్ ఆ మాటని పట్టుకుని సినిమాలో పాత్రల చేత అనిపించాడు. టిపెట్‌ని మాత్రం పంపించెయ్యలేదు. జంతువు బరువు ఏ కాలి మీద పడుతుందో, తల తిప్పేముందు మెడ ఎలా కదులుతుందో ఆయనకు తెలుసు, కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకు తెలియదు. వాళ్ళకు అది నేర్పించే పని ఆయనకిచ్చారు. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ పంచుకున్నవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఈ ఒక్క కథ చెబితే నీ మూడు పేజీల పని మూడు వాక్యాల్లో అయిపోతుంది.

తెరమీద రెక్స్ మాటకొస్తే, చాలా చోట్ల అది కంప్యూటర్‌ది కాదు. స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన నలభై అడుగుల యంత్రం. వానలో తడిసి దాని నురగ చర్మం నీళ్ళు పీల్చుకుని బరువెక్కి గజగజ వణికేది. టేకుకీ టేకుకీ మధ్య మనుషులు తువ్వాళ్ళతో తుడిచేవాళ్ళు. జనాన్ని అంతగా భయపెట్టిన మృగానికి తల తుడిచారంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

ఇక డైనోసార్లను మళ్ళీ పుట్టించి జనానికి చూపించబోయిన పార్కు యజమాని హామండ్. ఆ వేషం వేసిన రిచర్డ్ అటెన్‌బరో ఎవరో మీ తరానికి తెలుసో లేదో. ‘గాంధీ’ సినిమా తీసింది ఆయనే. అది వచ్చిన ఏడాది ఆస్కార్లలో స్పీల్‌బర్గ్ ‘ఈటీ’ని ఓడించింది కూడా ఆ సినిమాయే. తనను ఓడించినాయన్నే పిలిచి తాతయ్య వేషం ఇచ్చాడు. మైకేల్ క్రైటన్ 1990లో రాసిన నవలలో హామండ్ మంచివాడు కాదు, చివరికి చిన్నచిన్న డైనోసార్ల పాలబడి చస్తాడు. సినిమాలో ఆయన ముద్దొచ్చే ముసలాయన. ఖర్చుకు వెనకాడలేదని పదేపదే చెప్పుకుంటాడు. కానీ పార్కు మొత్తాన్ని నడిపే కంప్యూటర్ పని ఒకే ఒక్కడి నెత్తిన పెట్టి, వాడు డబ్బు చాలడంలేదని మొత్తుకుంటే విసుక్కుంటాడు. కంచెల్లో కరెంటు పోయింది అక్కడే. జీతాల దగ్గర బిగపట్టే యజమానిని మన దగ్గర ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు.

‘సినిమాలో శాస్త్రపరమైన తప్పులు’ అని ఒక భాగం పెట్టావు. ఉంచుకో, కానీ కుదించు. రెక్స్ జురాసిక్ కాలానిది కాదు, దాని తరవాత వచ్చిన క్రెటేషియస్ కాలానిది. అసలు వెలాసిరాప్టర్ టర్కీ కోడి అంత ఉండేది, ఈకలుండేవి. డీఎన్ఏ ఎముకలో సుమారు 521 ఏళ్ళకు సగం చెడుతుందని 2012లో తేల్చారు కాబట్టి, ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి దోమ కడుపులోని రక్తంలోంచి, సినిమాలోలా, డైనోసార్ పుట్టే మాట కల్ల. ఇదంతా తెలిసినా రెక్స్ అద్దం పగలగొడితే ఎనిమిదేళ్ళ పిల్లాడు కుర్చీలో ముడుచుకుంటాడు. ఎందుకన్నది నీ ప్రశ్న కావాలి. తప్పులు పట్టడం చాలామంది చేశారు.

తరవాతి భాగాల గురించి నువ్వు అందరికీ మంచి మార్కులే వేశావు. మొహమాటం దేనికి? 1997 నాటి రెండో సినిమా ఫరవాలేదు. 2001 నాటి మూడోది గంటన్నరలో తెమిల్చేసి ఇంటికి పంపిస్తుంది, అందుకు నాకు దానిమీద కొంచెం అభిమానమే. కానీ అందులోనే మొదలైంది రోగం. రెక్స్ కంటే పెద్దదాన్ని తెచ్చి రెక్స్ మెడ విరిపించారు. పద్నాలుగేళ్ళ తరవాత వచ్చిన జురాసిక్ వరల్డ్‌లో మన ఇర్ఫాన్ ఖాన్ పార్కు యజమాని. అందులో ఒక మేనేజరమ్మ, మామూలు డైనోసార్లకు జనం ఇప్పుడు ఆశ్చర్యపోవడం లేదు, అందుకే కొత్తదాన్ని తయారుచేయిస్తున్నాం అంటుంది. సినిమా తీసినవాళ్ళు తమ అవస్థ తామే చెప్పుకున్నారు! జనం విరగబడి చూశారు. పాత సినిమా చూసిన పిల్లలు అప్పటికి తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఈ సినిమాలకు ఆయుష్షు పోసేది కథ కాదని నా అభిప్రాయం. ఏటా కొత్తగా ఎనిమిదో ఏట అడుగుపెట్టే పిల్లలు, నాలుక తిరగని పేర్లు అప్పజెప్పే పిల్లలు పోస్తున్నారు. ఆ పిల్లల పక్కన కూర్చుని చూసి రాయి.

2022లో వచ్చిన డొమినియన్‌ని ఒక్క వాక్యంలో దాటేశావు. డైనోసార్ల కోసం టిక్కెట్టు కొంటే మిడతలు చూపించారని విమర్శకులు విసుక్కున్న సినిమా అది. నాకూ విసుగే పుట్టింది. కానీ నువ్వు మటుకు అక్కడ ఆగాలి. ఆ కథలో ఒక కంపెనీ పుట్టించిన మిడతలు తమ విత్తనం వేసిన చేను వదిలేసి పక్కవాడి చేను మేస్తాయి. మీ నాన్నగారు పత్తి వేస్తారని రాశావు. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువుని గింజలో పెట్టారు, కాయ తొలిచే పురుగు కొరికితే చావాలని. కొన్నేళ్ళు చచ్చింది. తరవాత గులాబీరంగు పురుగు ఆ విషానికి అలవాటుపడింది. అలా జరగకూడదనే విత్తనం ప్యాకెట్‌తోపాటు చిన్న నాన్‌బీటీ పొట్లం ఇచ్చి, చేను చుట్టూ ఆ వరసలు వెయ్యమన్నారు. మన రైతుల్లో చాలామంది వెయ్యలేదు. చేలో చోటెందుకు పోగొట్టుకోవాలని వాళ్ళ లెక్క.

మొదటి సినిమాలో మాల్కమ్ అనే గణితవేత్త, జీవం ఎలాగోలా దారి చేసుకుంటుందని హెచ్చరిస్తాడు. పార్కులో ఉన్నవన్నీ ఆడవే, పిల్లలు పెట్టలేవని శాస్త్రజ్ఞుల ధీమా. తీరా అడవిలో గుడ్లు కనపడతాయి. ఈ ఘట్టం మీద అమెరికాలో కూర్చుని వేలమంది రాశారు. పత్తికాయ విప్పి గులాబీ పురుగుని వేలిమీద పెట్టుకుని చూసిన పిల్ల రాసింది నేనింకా చదవలేదు. ఒక పూట మీ గుంటూరు పక్కన లాం ఫారానికి, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రానికి, వెళ్ళు. పత్తి మీద పనిచేసేవాళ్ళని అడుగు, మీ నాన్నగారిని అడుగు, ఆ పొట్లం ఆయనేం చేశారో రాసుకో. అట్లాగని సినిమాని వదిలేసి విత్తన కంపెనీల మీద ఉపన్యాసం మొదలుపెట్టకు. ఒక పేరా, ఎక్కువైతే రెండు. పాఠకుడు సినిమా కోసం వచ్చాడు.

ఇంకొకటి. డైనోసార్లంటే అమెరికా, అర్జెంటీనా అని రాశావు. గోదావరి, ప్రాణహిత లోయలో దొరికినవాటి మాటేమిటి? పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ కోటాసారస్ ఎముకలను కూర్చి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. దానికి శాస్త్రీయనామం పెట్టింది 1988లో, క్రైటన్ నవల రావడానికి రెండేళ్ళ ముందు. అదే లోయలో దొరికిన ఇంకోదానికి టాగోర్ పేరు కలిపి బారాపాసారస్ టాగోరై అన్నారు, అది కలకత్తాలో ఉంది. ఈ రెండూ నిఖార్సైన జురాసిక్ కాలానివి. సినిమా పేరు జురాసిక్, అందులో హీరో క్రెటేషియస్, అసలు జురాసిక్ జంతువేమో మన గోదావరి గట్టుది. ఈ తమాషా నీ వ్యాసంలో లేకపోతే ఎవరి వ్యాసంలో ఉంటుంది? ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు దాన్ని చూడు. దానికంటే ముందు, అక్కడికొచ్చిన పిల్లలు తలెత్తే చోట నిలబడి వాళ్ళ మొహాలు చూడు.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ‘నభూతో నభవిష్యతి’ మూడుసార్లు వచ్చింది, మూడూ తీసెయ్. ‘వెండితెర అద్భుతం’ కూడా.

మళ్ళీ రాసేముందు క్రైటన్ నవల చదువు. 1993 సినిమాలో వదిలేసిన తెప్ప ఘట్టం, నదిలో రెక్స్ వెంటపడేది, అందులో ఉంది. ముప్ఫై రెండేళ్ళ తరవాత, ఈ వరసలో ఏడోదైన రీబర్త్‌లో దాన్ని వాడుకున్నారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాడు స్పీల్‌బర్గ్ ఎందుకు వదిలేశాడో నీకే ఒక ఊహ తడుతుంది. అది రాయి. మీ గుంటూరులో నవల దొరక్కపోతే జనవరిలో పుస్తకాల పండక్కి ఎటూ బెజవాడ వస్తావు కదా, ఏలూరు రోడ్డు మీదుగా లెనిన్ సెంటర్‌కి వెళ్ళి పాత పుస్తకాల షాపుల్లో అడుగు. బేరం ఆడు, చెప్పిన ధర ఇవ్వకు. కొత్త ప్రతి ఆరు పేజీలు దాటకుండా చూసుకుని సంక్రాంతి వెళ్ళాక పంపు.

అమ్మకీ నాన్నగారికీ నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మాస్టారు