పక్క బల్ల మీద ఫోన్ మోగుతుంటే మన సీటు నుంచే ఎత్తడం ఎలా?

ప్రశ్న: మా ఆఫీసులో ఆస్టరిస్క్ మీద నడిచే ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. 204 మోగుతున్నప్పుడు నా 207 నుంచి *8 కొడితే లైన్ కట్ అవుతోంది. ఎందుకండీ?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు కొట్టిన కోడ్ సరైనదేనండీ. తేడా దాదాపు ఎప్పుడూ గ్రూపుల్లోనే ఉంటుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ (204, 207 లాంటి లోపలి నంబరుకి) సెట్టింగ్స్‌లో రెండు గడులుంటాయి: కాల్ గ్రూప్, పికప్ గ్రూప్. మొదటిది ‘నా ఫోన్ ఏ గుంపులో మోగుతుంది’ అని, రెండోది ‘నేను ఏ గుంపు కాల్స్ ఎత్తగలను’ అని. 204 కాల్ గ్రూప్‌లో 1 ఉంటే, 207 పికప్ గ్రూప్‌లోనూ 1 ఉండాలి. చాలామంది మొదటిది నింపి రెండోది ఖాళీగా వదిలేస్తారు. నింపాక సబ్మిట్ నొక్కి, పైన కనిపించే ఎర్రటి ‘అప్లై కాన్ఫిగ్’ బటన్ కూడా నొక్కాలి. అది మరిచిపోతే మార్పు అమల్లోకి రాదు.

ఒకేసారి రెండు ఫోన్లు మోగితే *8తో ఏది వస్తుందో మన చేతిలో ఉండదు. అప్పుడు **204 కొట్టి సెండ్ నొక్కండి, ఆ కాలే వస్తుంది. నా సలహా, ఇదే అలవాటు చేసుకోండి.

కాల్ వాయిస్‌మెయిల్‌కి వెళ్లిపోయాక మాత్రం ఏ కోడూ పనిచేయదు, మోగుతున్నంతసేపే అవకాశం. అందుకే రింగ్ టైమ్ 15 సెకన్లుంటే 25కి పెంచమని మీ అడ్మిన్‌ని అడగండి.