అమ్మణ్ణికి, మూత విప్పే ముందు

అమ్మణ్ణీ,

లాప్‌టాప్ మూత మడిచే చోట వైఫై తీగ నలిగి తెగిందనీ, దాన్ని నువ్వే బాగుచేస్తానంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇంట్లో నా తరువాత స్క్రూడ్రైవర్ పట్టేది నువ్వేనని పెద్దమ్మ ముందు గొప్పలు పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఛార్జర్ తీసెయ్. వెనక మూత విప్పగానే అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. ఏ తీగ ఎక్కడ ఉందో ఫొటో తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టే పని మాత్రం వద్దు. అది నేను చేశాను.

1996 మార్చి 9, బెంగళూరులో పాకిస్తాన్‌తో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర నేను టీవీల కొట్టు పెట్టి రెండేళ్లు. ఒక పెద్దాయన డాబా మీది యాంటెనా కేబుల్‌ను ఉడుత కొరికిందని పిలిస్తే, మధ్యాహ్నం ఎండలో ఎక్కి, రెండు కొనలూ చెక్కి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, అయిదు నిమిషాల్లో దిగాను. బొమ్మ బాగానే వచ్చింది. వీధి వీధంతా ఆయన ఇంట్లో కూర్చుంది. అజయ్ జడేజా వకార్ యూనిస్‌ను బాదడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గాలి వీచింది, తెర నిండా చుక్కలు. పక్క వీధిలో కేకలు వినిపిస్తున్నాయి, మాకేమో బుసబుస. యాంటెనా తిప్పాను. టీవీ వెనక మూత కూడా విప్పాను. నా అతుకును మాత్రం అనుమానించలేదు! మరునాడు మా గురువు టేపు కోసి చూపించాడు: పై అల్లికలోని ఒక్క పోగు, వెంట్రుకంత, లోపలి రాగి తీగను తాకుతోంది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

నీ తీగ కూడా అదే జాతి, కాకపోతే మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. నడుమ తీగ, దానిపై తెల్ల పొర, దానిపై అల్లిక, పైన తొడుగు. సంకేతం సాగేందుకు తీగకు ఒక కొలత ఉంటుంది, ఇంపీడెన్స్ అంటారు: టీవీ కేబుల్‌కు 75 ఓములు, నీదానికి 50. ఆ లెక్క తీగ మందాన్నీ, తీగకూ అల్లికకూ మధ్య ఉన్న ఎడాన్నీ, ఆ తెల్ల పొరనూ బట్టి వస్తుంది. అతికిన చోట ఆ ఎడం చెడితే సంకేతం కొంత వెనక్కి మళ్లిపోతుంది. అందుకే యాంటెనాతో సహా మొత్తం తీగ కొత్తది కొను. కొనే ముందు తల, అంటే వైఫై కార్డుకు తగిలించే కనెక్టర్, సైజు చూసుకో, పాత కార్డులకూ కొత్త కార్డులకూ తేడా ఉంటుంది. ఆ బుల్లి తలను తీగ పట్టుకుని లాగితే నేనే వచ్చి మొట్టికాయ వేస్తాను. కింద నుంచి నిటారుగా లేపాలి, నిటారుగా నొక్కాలి. దాన్ని ముప్పై సార్లు పెట్టి తీయడానికే చేస్తారు, ఆటలాడకు.

సోమవారం ఇంటర్వ్యూ ఉందట కదా. ఆదివారం రాత్రి మూత విప్పావని తెలిస్తే ఊరుకోను. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఆ నెట్‌తో ఇంటర్వ్యూ కానివ్వు. అన్నం తిని కూర్చో తల్లీ, ఆకలితో చేతులు వణుకుతాయి.

తీసిన పాత తీగ పారేయకు. పండక్కి వచ్చినప్పుడు తీసుకురా. కళ్లద్దాలు మార్చాను, ఎక్కడ తెగిందో చూడాలి.

మీ పెదనాన్న