సోప్‌విత్ పప్‌కు చెక్క సిలిండర్లు చేసి పెట్టొచ్చా?

ప్రదర్శన కోసం బాగుచేస్తున్న సోప్‌విత్ పప్‌కి (మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం) ఇంజిన్ దొరకలేదు, దానికుండే 80 హార్స్‌పవర్ లె రోన్ ఇంజిన్ సిలిండర్లను చెక్కతో లేత్ (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేస్తే నప్పుతాయా అని అడిగారు. నప్పుతాయి. ఇంగ్లండ్‌లో వారాంతాల్లో నేను పనిచేసే వర్క్‌షాప్‌లో ఇదే ఇంజిన్‌కి తొమ్మిది సిలిండర్లూ చెక్కతోనే చేశాం. ఎగరాల్సిన విమానమైతే మాత్రం ఈ ఆలోచనే వద్దు.

చిక్కంతా చల్లదనం కోసం సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి రెక్కల్లాంటి ఫిన్ల దగ్గరే. గుండ్రటి చెక్క బిగించి, పార్టింగ్ టూల్‌తో (సన్నటి ఉలి) వరసగా గాడులు దించేద్దాం అనిపిస్తుంది. కానీ అలా బిగించిన చెక్కలో నార పొడవునా పోతుంది. పల్చటి ఫిన్‌లో దాని మందం మేరకే నార మిగులుతుంది కాబట్టి వేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోతుంది. అందుకే మేం బిర్చ్ ప్లైవుడ్ బిళ్లలు వాడాం. 1.5 మి.మీ. ప్లైతో ఫిన్‌కి పెద్ద బిళ్ల, మందపాటి ప్లైతో మధ్య సందుకి చిన్న బిళ్ల. మరలున్న ఇనుప కడ్డీ మీద ఒకటి మార్చి ఒకటి ఎక్కించి, జిగురు పెట్టి, రెండు వైపులా నట్లు బిగించాం. ఆరాక లేత్ మీద నెమ్మదిగా తిప్పుతూ అంచులు సాపు చేయాలి. ఇక్కడ ఉలి కన్నా ఉప్పుకాగితం మేలు. మాస్క్ తప్పనిసరి. ఆ కడ్డీ కొసే తర్వాత క్రాంక్‌కేస్‌కి (సిలిండర్లన్నీ బిగించి ఉండే మధ్య పెట్టె) బిగించే బోల్టు అవుతుంది.

సిలిండర్ తల, అడుగు భాగం మామూలు లేత్ పనే. మేం బాగా ఎండిన సికమోర్ చెక్క వాడాం. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరికితే ఇంకా నున్నగా వచ్చేదేమో, ఇక్కడ దొరకదు మరి! సిలిండర్లు 40 డిగ్రీలకొకటి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్కదాని ఎత్తు తేడా వచ్చినా కంటికి కొడుతుంది. కొలతలన్నీ ఒకే బద్ద మీద గీసుకుని, తొమ్మిదింటికీ దాన్నే ఆనించి చూడండి.

గాలి, పెట్రోలు వెళ్లే గొట్టాలు చెక్కతో వద్దు. లె రోన్‌ని గుర్తుపట్టించేవే ఆ రాగి గొట్టాలు. పైగా అవి 80 హార్స్‌పవర్ రకంలో సిలిండర్లకు ముందు, 110 రకంలో వెనక ఉంటాయి. రాగి గొట్టాన్ని కాల్చి మెత్తబరిచి, పొడి ఇసుక దట్టించి వంచితే నొక్కుకుపోదు.

రంగు కొత్త ఉక్కులా మెరవకూడదు. ఈ ఇంజిన్లలో పోసేది మన ఆముదమే, అది కాలి గోధుమరంగు పొరలా అంటుకుంటుంది. బూడిదరంగు మీద పల్చగా గోధుమరంగు పూసి గుడ్డతో తుడిచేస్తే ఆ ఛాయ వస్తుంది.

అసలు ఇంజిన్ వంద కిలోల పైమాటే. చెక్కది పెడితే ముక్కు తేలికై భారం తోక మీదికి పోతుంది, క్రాంక్‌కేస్ లోపల ఇనుప పలకలు బిగించండి. ఇది రోటరీ (ప్రొపెల్లర్‌తో పాటు ఇంజినే తిరిగే రకం) కదా, ప్రొపెల్లర్ తిప్పితే సిలిండర్లన్నీ తిరుగుతాయి. చూడవచ్చినవాళ్లు తిప్పకుండా లోపల పిన్ను వేసేయండి. తర్వాత ఎవరూ అసలుదని పొరబడకుండా, కనబడని చోట 'నమూనా' అని, చేసిన ఏడాదితో సహా ముద్ర కొట్టి రిజిస్టర్‌లోనూ రాయించండి.